మా రక్తం మీద నింద

అల్వీనా ఈనోస్ ఔటంటే ఔటే. ఫీనిక్స్ నగరానికి దక్షిణాన, సాకటన్ నుంచి బ్లాక్‌వాటర్ దాకా, ఏటి జనమనే ఆదివాసీ తెగ ఊళ్ళన్నిటిలోనూ ఆ మాటకి తిరుగులేదు. ఆడవాళ్ళ సాఫ్ట్‌బాల్ పోటీల్లో ఆమె అంపైరుగా నిలబడిందంటే సొంత మేనకోడలైనా, పరాయి జట్టు పిల్లైనా ఒకటే లెక్క. ఒకసారి తెగ పెద్దల సభకి ఎన్నికైన ఒకావిడ ఆటలో బేసు మీదికి జారి వచ్చి, దుమ్ము దులుపుకుంటూ "నేనే ముందు చేరాను" అని దబాయించబోయింది. అల్వీనా మొహానికున్న ఇనుప జాలీ కూడా తియ్యలేదు.

"ఓట్లు లెక్కబెట్టేచోట వాదించుకో వదినా. ఇక్కడ నా కళ్ళే సభ. నడు."

పొట్టి మనిషి. వెడల్పాటి భుజాలు, నెరిసిన జడ, మైదానం అవతల గట్టు మీద కూర్చున్న ముసలివాళ్ళకి కూడా వినబడే గొంతు. అరవై దాటినా ఎండలో మూడు ఆటలు వరసగా నిలబడగలదు. ఆటలు లేని రోజుల్లో ఆమె నడిపేది డయాలిసిస్ వ్యాను. కిడ్నీలు పాడైనవాళ్ళని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని రక్తం శుభ్రం చేసే కేంద్రానికి తీసుకెళ్ళి, మళ్ళీ దింపడం. వాళ్ళలో చాలామంది ఒకప్పుడు ఆమె ఔటిచ్చినవాళ్ళే. మొదట్లో తమంతట తాము వ్యానెక్కేవాళ్ళు. కొన్నాళ్ళకి చేతికర్ర వచ్చేది. ఆ తర్వాత ఒక కాలు పోయేది, చక్రాల కుర్చీ వచ్చేది. ఒకరోజు వాళ్ళ ఇంటి ముందు హారను కొడితే ఎవరూ బయటికి వచ్చేవారు కాదు. అల్వీనా ఒక్క నిమిషం ఇంజను ఆపి, తర్వాతి ఇంటికి కదిలేది.

వాళ్ళమ్మ కూడా అదే వ్యానులో తిరిగి తిరిగి పోయింది. తమ్ముడికి మోకాలి కింద కాలు లేదు. అల్వీనాకి ముప్పై ఏళ్ళప్పుడే చక్కెర జబ్బు బయటపడింది. మాత్రలు మింగేది, తర్వాత్తర్వాత ఇన్సులిన్ పొడుచుకునేది. పోటీలున్న రోజుల్లో మాత్రం ఆ సూది జోలికి పోయేది కాదు. ఆట మధ్యలో చక్కెర పడిపోయి కళ్ళు తిరిగితే, బంతి గీత లోపల పడిందో బయట పడిందో ఎవరు చెబుతారు?

ఆ ఏడు మార్చి నెల పోటీల్లో ఆమెకి ఎడమ చెయ్యి బరువెక్కింది. గుండెలో నొప్పేమీ లేదు. ఒళ్ళంతా చల్లటి చెమట, కడుపులో తిప్పు. పొద్దున తిన్న మిరపకాయ మాంసం పడలేదనుకుంది. ఆ ఇన్నింగ్స్ ముగించి, ఆఖరి పిల్లని ఔటిచ్చి, అప్పుడు మట్టిలో కూలబడింది. చక్కెర జబ్బు ముదిరినవాళ్ళకి గుండెపోటు అలా నొప్పి లేకుండానే వస్తుందని ఆమెకి తర్వాత చెప్పారు. అప్పటికి ఆమెని ఫీనిక్స్‌లో ఒక పెద్దాసుపత్రి గుండె వార్డులో పడుకోబెట్టారు. మూడు రక్తనాళాలు పూడుకుపోయాయనీ, ఛాతీ తెరిచి బైపాస్ చెయ్యాలనీ తేల్చారు.

అల్వీనా బెదరలేదు. "చెయ్యాలంటే చెయ్యండి. నేను మే నెల పోటీలకి మైదానంలో ఉండాలి" అంది.

ఆ వార్డులో ఆమెని చూసుకునే నర్సు కర్టిస్ బెగే. ఉత్తరాన నవహో తెగవాడు, ఆజానుబాహుడు, నెమ్మదిగా మాట్లాడతాడు. మొదటిరోజే వాళ్ళిద్దరికీ పడింది. పడిందంటే, అతని తెగ గొర్రెల కాపర్లనీ, ఆమె తెగ చిక్కుళ్ళు పండించేవాళ్ళనీ ఒకరినొకరు ఆటపట్టించుకోవడం మొదలెట్టారు.

"మీ గొర్రెలమంద వాళ్ళు ఏటి ఒడ్డున ఏం చేస్తున్నారబ్బాయ్?"

"మీ చిక్కుడుగింజల వాళ్ళకి సూది పొడవడం రాదని పిలిపించారత్తా. ఏదీ, వేలివ్వు."

వేలు పొడిచి చూస్తే చక్కెర మూడొందల పది. బెగే ఆసుపత్రి పద్ధతి ప్రకారం కాస్త ఇన్సులిన్ పొడిచాడు. సాయంత్రానికి నూట తొంభై. మర్నాడు పొద్దున్నే మళ్ళీ మూడొందలకి పైనే. పెరిగినప్పుడు పొడవడం, పెరగనప్పుడు ఊరుకోవడం, అంతే పద్ధతి. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టుంది వీళ్ళ వైద్యం అనుకుంది అల్వీనా.

వార్డు డాక్టరు పేరు హాల్వర్సన్. నలభై ఏళ్ళుంటాయి. చల్లటి మాట, నవ్వు మొహం. చెడ్డవాడు కాదు. అందుకే అతనన్న మాట ఆమెకి మరీ గుచ్చుకుంది.

"డాక్టరుగారూ, నా షుగరు మూడొందలు దాటి తిరుగుతోంది. దాని సంగతేంటి?" అనడిగింది.

"దిగులుపడకండి ఈనోస్ గారూ. మీ వాళ్ళలో ఆ అంకెలు మాకు మామూలే. మీ రక్తంలోనే ఉంది కదా, ఏం చేస్తాం? మనం గుండె సంగతి చూద్దాం" అని ఆమె పాదం మీద దుప్పటి సర్ది, పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

మైదానంలో నానా తిట్లూ తిన్న మనిషి. అమ్మనీ అబ్బనీ కలిపి తిట్టినా చెవిన పెట్టనిది. ఈ మెత్తటి మాట మాత్రం గొంతులో ముల్లులా దిగబడింది.

తెల్లారాక, ఆపరేషన్ చెయ్యాల్సిన పెద్ద సర్జను వచ్చి కాగితాలు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఈ చక్కెరతో నేను ఛాతీ కొయ్యలేను. కోస్తే ఎముక అతుక్కోదు, గాయం మానదు, లోపల చీము పడుతుంది. ముందు ఇది దిగాలి. అప్పటిదాకా వాయిదా."

"దించండి మరి! నేను వద్దన్నానా?" అంది అల్వీనా.

ఆయన పక్కనున్న హాల్వర్సన్ వైపు చూశాడు. హాల్వర్సన్ కాగితాల వైపు చూశాడు.

ఆ మధ్యాహ్నమే అక్క మర్టిల్ వచ్చింది. అల్వీనాకన్నా ఆరేళ్ళు పెద్ద. ఆమెకీ చక్కెరే. పాదం మీద మానని పుండుంది. ఊళ్ళో ఎవరి చావుకైనా ముందుండి వంట చేసేది మర్టిలే. చావు ఆమెకి అంత అలవాటు. సంచీలోంచి కాగితంలో చుట్టిన వేపుడు రొట్టె తీసింది. గదంతా కమ్మటి నూనె వాసన.

"తినవే అల్వీ. వేడిగా ఉందింకా. పైన తేనె కూడా వేశా."

"వద్దక్కా. ఆపరేషన్ ఆపేశారు, షుగరుందని."

"షుగరెప్పుడు లేదే మనకి? అమ్మ పోయింది. తమ్ముడి కాలు పోయింది. రేపో మాపో నా పాదం. మన రాతే అంత. పోయేలోపు నాలుగు ముద్దలు ఇష్టంగా తిని పోదాం. వీళ్ళతో కొట్లాడి ఏం బావుకుంటావు?"

"నువ్వూ అదే మాటా!" అల్వీనా లేచి కూర్చుంది. గుండెకి తగిలించిన తీగలు ఊగాయి. "ఆ డాక్టరు మన రక్తం అన్నాడు. నువ్వు మన రాత అంటున్నావు. మధ్యలో నేను బతికే ఉన్నానే! ఆట అయిపోయిందని చెప్పాల్సింది నేను. ఆ రొట్టె చుట్టుకో, తీసుకుపో."

"పొగరు. చిన్నప్పట్నుంచీ ఇదే పొగరు" అంటూ మర్టిల్ రొట్టె తీసుకుపోయి, నర్సుల గదిలో బెగేకి ఇచ్చింది. అతను కాదనలేదు.

మర్నాడు హాల్వర్సన్ నలుగురు వైద్య విద్యార్థుల్ని వెంటేసుకుని వచ్చాడు. మంచం పక్కన నిలబడి ఆమె జబ్బు గురించి వాళ్ళకి చెప్పడం మొదలుపెట్టాడు. "ఈ తెగలో చక్కెర జబ్బు..." అంటుండగానే అల్వీనా చెయ్యెత్తింది. ఆట ఆపమని అంపైరు ఎత్తే చెయ్యి అది. అతను తనకి తెలీకుండానే ఆగిపోయాడు.

"ఈ తెగ ఇక్కడే ఉంది డాక్టరుబాబూ, నేను చెబుతా. మా అమ్మమ్మదీ ఈ రక్తమే. తొంభై ఏళ్ళకి పైగా బతికింది. చచ్చిపోయే ముందు వారం కూడా పొలం గట్టున నడిచింది. ఆమెకి చక్కెర లేదు. ఎందుకు లేదు? అప్పట్లో మా ఏట్లో నీళ్ళుండేవి. గోధుమలు మావి, చిక్కుళ్ళు మావి, చేపలు మావి. ఎగువన మీ తాతలు నీళ్ళు మళ్ళించుకున్నారు, ఏరు ఎండింది. పొలాలు ఎండాయి. ఆకలికి అలమటిస్తుంటే సర్కారు బస్తాల్లో తెల్ల పిండి పంపింది, డబ్బాల్లో కొవ్వు పంపింది, చక్కెర పంపింది. అది తిని మేం బతికాం. బతికినందుకు మాకీ జబ్బొచ్చింది. ఇప్పుడు నువ్వొచ్చి మా రక్తం మీద నింద వేస్తావా?"

విద్యార్థులు నేల చూపులు చూశారు. హాల్వర్సన్ మెడ ఎర్రబడింది.

"నేను అవమానించాలని అనలేదండీ."

"అది నాకు తెలుసు. అవమానిస్తే తిట్టి ఊరుకునేదాన్ని. నువ్వు నన్ను వదిలేశావు. ఎండిపోయిన చెట్టుకి నీళ్ళెందుకని వదిలేసినట్టు వదిలేశావు. తెల్లమనిషి ఎవరైనా ఈ మంచం మీద మూడొందలతో పడుకునుంటే మామూలే అనేవాడివా? చెప్పు!"

అతను పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"షుగరు చూసే డాక్టరుని పిలిపించు. అదొక్కటే నేనడిగేది. పిలిపించేదాకా రోజూ ఇదే పాఠం చెబుతా, నీ పిల్లలు ఎంతమందొస్తే అంతమందికి."

తలుపు దగ్గర బెగే మందుల బండి మీదికి వంగి, దేనికోసమో వెతుకుతున్నట్టు నటిస్తున్నాడు. భుజాలు మాత్రం నవ్వుతో ఊగుతున్నాయి.

ఆ సాయంత్రానికి చక్కెర జబ్బు చూసే డాక్టర్ బెర్నీస్ ట్రుహియో వచ్చింది. న్యూమెక్సికో కొండల్లోని మరో తెగ మనిషి. సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడు దారానికి వేలాడేసుకుని ఉంటుంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాకే మాట మొదలుపెట్టింది.

"ఇంట్లో ఇన్సులిన్ సరిగ్గా వేసుకునేవారా అల్వీనా గారూ? నిజం చెప్పండి."

"ఆటలున్నప్పుడు మానేసేదాన్ని."

"ఏడాదిలో ఆటలెన్నాళ్ళు?"

అల్వీనా వేళ్ళు మడిచి లెక్కబెట్టబోయి మానేసింది. "చాన్నాళ్ళే" అంది చివరికి.

ట్రుహియో పద్ధతి మార్చింది. రోజుకొకసారి నెమ్మదిగా, నిలకడగా పనిచేసే ఇన్సులిన్ ఒకటి. ప్రతి భోజనానికీ, ఆ భోజనానికి సరిపడా ఇంకొకటి. అప్పటికీ పైకెగిరితే సర్దుబాటుకి కొంచెం. "పెరిగాక వెంటపడం. పెరక్కుండా ముందే కాపలా కాస్తాం" అంది. చక్కెర దిగడం మొదలైంది. రెండొందల నలభై, రెండొందల పది, నూట తొంభై. అంకె చూసినప్పుడల్లా అల్వీనా పిడికిలి బిగించేది. ఇంకా దిగాలి. మంచి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ అంకె వందో, నూట పదో కదా. తనదీ అంతే కావాలి. ఈ హాల్వర్సన్ కళ్ళముందు వంద చూపించాలి. అప్పుడు మాట్లాడమనాలి రక్తం గురించి.

మొండితనం మంచిదే గానీ దానికి కళ్ళుండవు. ఆ మధ్యాహ్నం భోజనం వచ్చే వేళకి బెగే ఇన్సులిన్ పొడిచి, పళ్ళెం ముందు పెట్టి, పక్క గదిలో గంట మోగితే వెళ్ళాడు. అల్వీనా కోడిమాంసం తింది, ఆకుకూర తింది. రొట్టె, బంగాళాదుంపలు, పండు మాత్రం తుడుచుకునే కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేసింది. తీపిగా మారేవన్నీ బయట పారేస్తే అంకె దానంతటదే దిగి వస్తుందని ఆమె లెక్క. ఆ రొట్టెకీ దుంపలకీ సరిపడా మందు అప్పటికే ఒంట్లో ఉందన్న సంగతి ఆ లెక్కలో లేదు.

ఎండ ఇంకా కిటికీలో ఉండగానే ఆమెకి వణుకు పట్టింది. చెమట. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటోంది. తల పైన ఉన్న యంత్రం కీచుమంది. బెగే పరుగున వచ్చి వేలు పొడిచాడు. యాభై రెండు.

నారింజ రసం గ్లాసు నోటికి అందించాడు. ఆమె పళ్ళు బిగించింది.

"వద్దు. తీపి తాగను. దిగింది... దిగింది కదా..."

"అత్తా, తాగు!"

"తాగను!"

నెమ్మదిగా మాట్లాడే బెగే అప్పుడు అరిచాడు. "కొత్త పెళ్ళికూతురిలా బెట్టు చెయ్యకు! తాగకపోతే ఇక్కడే పోతావు, నీ మొండితనం శవం పక్కన కూర్చుని ఏడుస్తుంది. తాగు!"

తాగింది. సగం మీద ఒలికింది. ఇంకో గ్లాసు తాగింది. యంత్రం అరుపు తగ్గింది. బెగే నుదుటి చెమట తుడుచుకుని, వంగి చెత్తబుట్టలోకి చూశాడు. కాగితం విప్పాడు. ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది.

ట్రుహియో వచ్చేసరికి గదిలో అందరికీ సంగతి తెలిసిపోయింది. ఈసారి ఆమె కూర్చోలేదు.

"ఎవరి మీద కోపం అమ్మా మీకు? నా మీదా? ఆ హాల్వర్సన్ మీదా?"

"నాకు వంద కావాలి."

"నేను ఇవ్వను."

అల్వీనా తల తిప్పింది. ఆమెతో అలా మాట్లాడి మైదానంలో ఉండగలిగినవాళ్ళు లేరు.

"పూడుకుపోయిన గుండె మీది. చక్కెర ఇలా ఒక్కసారిగా పడితే ఆ గుండె లయ తప్పుతుంది. ఇవాళ తప్పబోయింది. ఆసుపత్రిలో మీలాంటివాళ్ళకి నూట నలభై నుంచి నూట ఎనభై మధ్య ఉంచుతాం. పైకి పోతే గాయం మానదు, కిందికి పోతే మనిషే పోతుంది. మీ తెగకనీ నా తెగకనీ కాదు, ఈ మంచం మీద ఎవరున్నా అదే గీత. రేపు నేను మీ మైదానానికొచ్చి, ఆటగత్తెని, గీత నేనే గీసుకుంటానంటే మీరు ఒప్పుకుంటారా?"

"బయటికి పంపేస్తా" అంది అల్వీనా.

"మరి నేనేం చెయ్యాలి?"

అల్వీనాకి నవ్వొచ్చింది. వద్దన్నా వచ్చింది. "సరే. గీత నీది. కానీ నువ్వు గీసిన చోటే ఉందా లేదా అని నేను చూస్తుంటా."

"చూడండి. అందుకే కదా కళ్ళున్నది."

ఆ తర్వాత పళ్ళెంలో మెతుకు మిగల్చలేదు. పళ్ళెం కళ్ళముందుకు వచ్చాకే ఇన్సులిన్ పొడిపించుకునేది. చక్కెర నూట అరవై దగ్గర సర్దుకుంది. సర్జను వచ్చి, చూసి, ఈసారి తల నిలువుగా ఊపాడు.

ఆపరేషన్ రోజు మర్టిల్ మళ్ళీ వచ్చింది. చేతిలో రొట్టె లేదు. మంచం బండిని తోసుకుపోతుంటే పక్కనే కుంటుకుంటూ నడిచింది.

"ఏడవకు. నేనింకా పోలేదు" అంది అల్వీనా.

"ఎవరేడుస్తున్నారే? పాదం నొప్పి."

ఛాతీ తెరిచినంతసేపూ, ఆ తర్వాత ఇంటెన్సివ్ కేర్‌లో స్పృహ లేకుండా పడున్నంతసేపూ ఆమె ఒంట్లోకి ఇన్సులిన్ చుక్కచుక్కగా పోతూనే ఉంది. గంటగంటకీ చక్కెర చూసి, ఆ చుక్కల వేగం పెంచుతూ తగ్గిస్తూ గీత మధ్యన నిలబెట్టారు. కళ్ళు తెరవగానే, గొంతులో గొట్టం తీయగానే, ఆమె బొంగురు గొంతుతో అడిగిన మొదటి మాట "ఎంత?"

"నూట యాభై ఒకటి" అన్నాడు బెగే. తన వార్డు వదిలి చూడ్డానికి వచ్చాడు. "ఇంకేమీ అడగవా? నేను బతికానా అని, మా అక్క ఏదీ అని?"

"అక్క ఎక్కడికి పోతుంది, మీ వంటగదిలో ఉండుంటుంది."

అక్కడే ఉంది.

గాయం చీము పట్టలేదు. ఛాతీ మీద నిలువునా సన్నటి గీతలా మానింది. ఇంటికి పంపే రోజు హాల్వర్సన్ వచ్చాడు. క్షమించమని అడగలేదు. మందుల గురించి చెప్పాడు, నడక గురించి చెప్పాడు. వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగి "మీ ఏట్లోకి మళ్ళీ నీళ్ళు వదులుతున్నారని విన్నాను" అన్నాడు.

"కొన్ని. కోర్టుల్లో కొట్లాడితే వచ్చాయి, ఊరికే రాలేదు" అంది అల్వీనా. అతను తలూపి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళ తర్వాత బెగే ఫోన్ చేసి, ఎవరో విద్యార్థి 'ఈ తెగలో మామూలే' అనబోతే హాల్వర్సన్ మధ్యలోనే ఆపాడని చెప్పాడు. "నాతో మాత్రం తప్పన్న మాట అనలేదుగా" అంది ఆమె. అంతకుమించి సంతోషం చూపించలేదు.

మే నెల పోటీలకి డాక్టర్లు ఒప్పుకోలేదు. వెళ్ళి గట్టు మీద కూర్చుని, కొత్త అంపైరు ఇచ్చిన ప్రతి తీర్పునీ తప్పుబట్టింది. వ్యాను పని మానలేదు. ఇన్సులిన్ ఇప్పుడు ఆటలున్నా లేకున్నా వేసుకుంటోంది. అన్ని రోజులూ చక్కెర మాట వినదు. వినని రోజున దానితో కూడా పోట్లాడుతుంది.

మరుసటి ఆగస్టు వానల్లో మర్టిల్‌కి ఊపిరి అందలేదు. గుండెకి నీరు పట్టిందన్నారు. అదే ఆసుపత్రి, అదే వార్డు. అల్వీనా మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. కొత్తగా చేరిన కుర్ర డాక్టరొకడు వచ్చి చీటీ చూశాడు.

"చక్కెర రెండొందల తొంభై. ఫరవాలేదు, మరీ అంత చెడ్డగా ఏం లేదు..."

అల్వీనా లేచింది. తన కుర్చీ అతని వైపు జరిపింది.

"కూర్చో నాయనా" అంది.

దిండు మీంచి మర్టిల్, ఆక్సిజన్ గొట్టం ముక్కున ఉండగానే, జాలిగా ఆ కుర్రాడి వైపు చూసింది.

"కూర్చో బాబూ, కూర్చో. తప్పించుకోలేవు. నేను అరవై ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నా." ఆయాసం తీర్చుకుని, చెల్లెలి వైపు చెయ్యి చాపింది. "దాని సూది మందే నాకూ రాసెయ్యి. త్వరగా ఇంటికి పోవచ్చు."